చక్రాలు దించడం మర్చిపోతారా అంటే, మర్చిపోతారండి

పాలకొల్లు నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. చెల్లెలు ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి పైలట్ ట్రైనింగ్‌లో చేరబోతోంది. చిన్న విమానం ఒకటి రన్‌వే మీద ముక్కు గుద్దుకున్న వీడియో ఎవరో వాళ్లమ్మగారికి పంపారు. ఆవిడ అప్పటినుంచి వద్దంటే వద్దంటున్నారు. "ఇన్ని ప్రమాదాలు దిగేటప్పుడే ఎందుకు జరుగుతాయి? విచారణ అయ్యాక మానవ తప్పిదం, పరధ్యానం అని రాస్తారు. అంత శిక్షణ పొందినవాళ్లు చక్రాలు దించడం కూడా మర్చిపోతారా? లేక అసలు కారణం దాచడానికి అలా రాస్తారా?" అని ఆయన సందేహం.

ముందు సూటిగా జవాబు. మర్చిపోతారు. నేనూ ఒకసారి మర్చిపోయాను, అది కింద చెప్తాను. దిగేటప్పుడు జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం పని రాక జరిగేవి కావు. చెయ్యి ఆ పని మీదికి వెళ్లే క్షణంలో ఇంకేదో అడ్డం వచ్చి జరిగేవి. దానికి ఇంకో తప్పు తోడవుతుంది: ఏదో తేడాగా ఉందని తెలిసినా, మళ్లీ పైకి లేచి ఇంకో చుట్టు తిరిగి రావడానికి మనసొప్పదు. ఈ రెండూ కలిస్తే మీరు చూసిన వీడియో లాంటివి తయారవుతాయి.

మీ అమ్మగారికి ఒక మాట ధైర్యంగా చెప్పొచ్చు. చిన్న విమానాలకి ల్యాండింగ్‌లో జరిగే ప్రమాదాలు సంఖ్యలో ఎక్కువే గానీ, వాటిలో ప్రాణాలు పోయేవి తక్కువ. ముక్కు చక్రం విరుగుతుంది, ప్రొపెల్లర్ వంగుతుంది, పరువు పోతుంది. ప్రాణం తీసే రకం ఒకటుంది. దాని సంగతి విడిగా చెప్తాను.

నేను ఇరవై రెండేళ్లు ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేశాను. ఎక్కువ గంటలు సెస్నా 152, 172ల్లో, కొంత కాలం సెనెకాలో. షుగర్ వచ్చి మెడికల్ (ఎగరడానికి కావలసిన ఆరోగ్య సర్టిఫికెట్) పోయాక రాజోలు దగ్గర మా ఊరొచ్చి కొబ్బరితోట చూసుకుంటున్నాను. కాబట్టి ఇదంతా తోట గట్టున కూర్చుని చెప్తున్న మాటలే, అలాగే చదవండి.

దిగేటప్పుడే ఎందుకు? పైకి లేచే విమానానికి ప్రతి సెకనూ జాగా పెరుగుతుంది. నేల దూరమవుతుంది, తప్పు చేసినా దిద్దుకోవచ్చు. దిగే విమానానికి ప్రతి సెకనూ జాగా తరుగుతుంది. సరిగ్గా ఆ తరిగే సమయంలోనే పనులన్నీ మీద పడతాయి. రన్‌వేకి సమాంతరంగా, వెయ్యి అడుగుల ఎత్తులో ఎదురు దిక్కుకి వస్తాం. దాన్ని డౌన్‌విండ్ అంటాం. అక్కడినుంచి చక్రాలు నేలకి తాకేదాకా రెండు మూడు నిమిషాలు. అంతలోనే పవర్ తగ్గించాలి, కార్బురేటర్‌కి వేడిగాలి ఇవ్వాలి, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు) విడతలవారీగా దించాలి, రెండు మలుపులు తిరగాలి, వేగం అరవై, అరవై ఐదు నాట్ల (గంటకి సుమారు 110, 120 కిలోమీటర్లు) దగ్గర పట్టాలి, ముందున్న విమానం ఎక్కడుందో చూసుకోవాలి, విమానాశ్రయం కంట్రోల్ టవర్‌తో మాట్లాడాలి, గాలి ఏ పక్కనుంచి తోస్తోందో కనిపెట్టాలి. విడివిడిగా చూస్తే అన్నీ చిన్న పనులే. పెళ్లి వంటలో చెయ్యి తిరిగిన వంటాయన కూడా పులుసులో ఉప్పు మర్చిపోయేది ఎప్పుడు? విస్తళ్లు వేసేశారని కబురొచ్చిన తర్వాతే కదా.

ఇంకోటి కూడా ఉంది. సఖినేటిపల్లి నుంచి నర్సాపురం వెళ్లే పంటు ఎప్పుడైనా ఎక్కారా? పంటు రేవుకి ఇంకా పది గజాలు ఉండగానే బళ్లన్నీ స్టార్ట్ అవుతాయి. మనిషి వశిష్ఠ మీద ఉంటాడు, మనసు అప్పటికే గట్టెక్కి పాలకొల్లు రోడ్డు పట్టేస్తుంది. పైలట్‌కీ అంతే. రన్‌వే కళ్లెదురుగా కనిపించగానే ‘అయిపోయింది’ అనిపిస్తుంది. విమానం కంటే ముందు మనసు దిగిపోతుంది.

ఇక నేను మర్చిపోయిన రోజు. సెనెకా రెండింజన్ల విమానం, దానికి చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. ఓ సాయంత్రం ట్రైనీతో డౌన్‌విండ్‌లో ఉన్నాను. ఆ చుట్టు నేనే నడిపి చూపిస్తున్నాను. చక్రాల లివర్ మీదికి చెయ్యి వెళ్లింది. అప్పుడే టవర్ పిలిచింది. ముందు వెళ్తున్న విమానం కనిపిస్తోందా, వెనక పెద్ద విమానం వస్తోంది, త్వరగా దిగగలరా అని. చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఎండ కళ్లలో పడుతోంది, ముందు విమానం కోసం వెతికాను, దొరికింది, టవర్‌కి చెప్పాను, మలుపు తిరిగాను. నా లెక్క ప్రకారం చక్రాలు దిగి ఉన్నాయి. ప్రమాణం చేయమన్నా చేసేవాణ్ణి. ఫైనల్‌లో, అంటే రన్‌వేకి సూటిగా దిగే చివరి వరసలో, నాలుగొందల అడుగుల దగ్గర ఆ కుర్రాడు, నన్ను తప్పుపట్టినట్టు ఉంటుందేమోనని నసుగుతూ, "సార్, పచ్చ లైట్లు మూడూ రాలేదు సార్" అన్నాడు. థ్రాటిళ్లు (ఇంజన్ పవర్ లివర్లు) ముందుకి తోసి పైకి లేచిపోయాం.

చక్రాలు దించకపోతే హారన్ మోగాలి కదా అని అడుగుతారు. పవర్ బాగా తగ్గించినప్పుడో, ఫ్లాప్స్ పూర్తిగా దించినప్పుడో అది మోగుతుంది. త్వరగా దిగమన్నారని నేను ఆ రెండూ ఇంకా చేయలేదు. ఆ తొందరే హారన్ నోరు కూడా కట్టేసింది. రాత్రికి ఆ కుర్రాణ్ణి హోటల్‌కి తీసుకెళ్లి పెసరట్టు ఉప్మా పెట్టించాను. మర్నాడు క్లాసులో అందరి ముందూ ఈ సంగతి నేనే చెప్పాను. చెప్పడానికి సిగ్గేసింది, అయినా చెప్పాను.

ఇది ఎలా జరుగుతుందంటే, ఊరికి బయల్దేరి బస్సెక్కాక గ్యాస్ కట్టేశామా లేదా అని అనుమానం వస్తుంది చూడండి, అది దీనికి చెల్లెలు. వెయ్యిసార్లు చేసిన పనిలో ఈసారి చేశామో లేదో అన్న జ్ఞాపకం వేరుగా మిగలదు. ‘చేద్దాం’ అనుకున్నదాన్నే మెదడు ‘చేశాం’ ఖాతాలో రాసేసుకుంటుంది. అందుకే ఈ రకం మరుపు కొత్తవాళ్ల కంటే తలపండినవాళ్లకే ఎక్కువ ప్రమాదం. కొత్తవాడు భయంతో ప్రతిదీ రెండుసార్లు చూస్తాడు. అన్నట్టు, మీ చెల్లెలు మొదట నేర్చుకునే సెస్నా 152, 172 లాంటి వాటికి మామూలుగా చక్రాలు ఎప్పుడూ బయటే ఉంటాయి. దించడానికేమీ లేదు, కాబట్టి ఆ బెంగ ఇప్పట్లో అక్కర్లేదు.

పరధ్యానం అనగానే ఏదో పగటికల కంటున్నాడని అనుకోకండి. చాలాసార్లు మనిషి చాలా శ్రద్ధగానే ఉంటాడు, వేరే దాని మీద. దీనికి పైలట్లందరికీ చెప్పే ఉదాహరణ పెద్ద విమానానిది. 1972 డిసెంబరు 29 రాత్రి, అమెరికాలో మయామి దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401. ముక్కు చక్రం దిగిందని చూపించే చిన్న బల్బు వెలగలేదు. రెండు వేల అడుగుల దగ్గర ఆటోపైలట్ మీద ఉంచి కాక్‌పిట్‌లో అందరూ ఆ బల్బు మీద పడ్డారు. మధ్యలో ఆటోపైలట్ ఎత్తు పట్టుకోవడం వదిలేసింది. విమానం మెల్లగా దిగుతూ వెళ్లి చిత్తడి నేలలో పడింది. 176 మందిలో 101 మంది పోయారు. చక్రం దిగే ఉంది, బల్బు మాడిపోయింది, అంతే. ఇలాంటివి చూశాకే 1981లో అమెరికాలో విమాన సంస్థలకి ఒక నియమం వచ్చింది: పది వేల అడుగుల కింద కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాట, పని ఉండకూడదు.

చిన్న విమానాల్లో బల్బు స్థానంలో తలుపు ఉంటుంది. సరిగా పడని తలుపు గాల్లో కొంచెం తెరుచుకుంటుంది. చెవులు చిల్లులు పడేలా హోరు, చార్టులు ఎగురుతాయి. మామూలుగా విమానం మాత్రం హాయిగా ఎగురుతూనే ఉంటుంది. తలుపు తెరుచుకున్నందుకు కాదు, దాన్ని మూయబోయి విమానం నడపడం మానేసినందుకు కూలినవి ఉన్నాయి. ఇప్పుడు ఆ జాబితాలో ఫోన్ కూడా చేరింది. 2014 మే 31 రాత్రి అమెరికాలోని కొలరాడోలో ఒక సెస్నా 150 కూలి ఇద్దరు చనిపోయారు. అంతకుముందు ఫ్లైట్లలో సెల్ఫీలు తీసుకుంటున్న వీడియో దొరికింది. తక్కువ ఎత్తులో ఫోన్ వాడుతూ పరధ్యానంలో పడడం కూడా ఒక కారణమని అక్కడి దర్యాప్తు సంస్థ తేల్చింది.

మా దగ్గర జరిగినది ఇంకో రకం. ఆ అబ్బాయిది ఆత్రేయపురం వైపు. సోలోకి, అంటే ఒంటరిగా ఎగరడానికి, పంపి వారమే అయింది, బాగా నడిపేవాడు. వాళ్ల నాన్నగారు కొడుకు ఎగరడం చూద్దామని పూతరేకుల డబ్బాలతో వచ్చారు. హ్యాంగర్ (విమానాల షెడ్డు) పక్కన నీడలో నిలబెట్టాం. నేల దగ్గరికి వచ్చాక ముక్కు మెల్లగా పైకెత్తి విమానాన్ని కూర్చోబెట్టడాన్ని ఫ్లేర్ అంటాం. ఆ నాలుగైదు సెకన్లు చూపు రన్‌వే చివర ఉండాలి. ఈ అబ్బాయి చూపు ఒక్కసారి పక్కకి, హ్యాంగర్ వైపు వెళ్లింది. చూపు వెళ్లిన చోటికి చేతులూ వెళ్తాయి. ముక్కు ఎక్కువ లేచింది, విమానం తేలింది, కంగారుపడి ముక్కు కిందికి తోశాడు, ముక్కు చక్రం ముందు తగిలి గెంతింది. మళ్లీ తోశాడు, ఇంకా పెద్ద గెంతు. మూడో గెంతుకి ముక్కు చక్రం విరిగి ప్రొపెల్లర్ నేలని గీసింది. పిల్లాడికి గీత కూడా పడలేదు. వాళ్ల నాన్నగారు మాత్రం ఆ డబ్బాలు పట్టుకునే గంటసేపు అలా నిలబడిపోయారు.

మొదటి గెంతులో ముక్కు ఉన్నచోటే పట్టుకుని, థ్రాటిల్ పూర్తిగా తోసి పైకి వెళ్లిపోయి ఉంటే అసలు ఏ కథా లేదు. గెంతు తప్పు కాదు, గెంతిన విమానాన్ని బలవంతంగా నేలకి అదమడం తప్పు.

ఇప్పుడు మీ అనుమానానికి వస్తాను, ‘మానవ తప్పిదం’ అని రాసి అసలు కారణం దాస్తారా అని. దాస్తారని కాదు గానీ, ఆ మాట దగ్గర ఆగిపోతే సగమే తెలుస్తుంది. ఆ రోజు కాగితం మీద విద్యార్థి తప్పు అనే ఉంటుంది. కానీ తండ్రి వచ్చాడని నాకు తెలుసు. కుర్రాడి మనసు అటుంటుందని తెలిసే వయసు నాది. ఆయన్ని లోపల కూర్చోబెట్టి, ఆ రోజు కుర్రాడితో పాటు నేను కూడా ఎక్కి ఉండొచ్చు. ఆ పని చేయలేదు. నా పేరు ఏ కాగితంలోనూ లేదు. గాలి విసురు, టైరు పేలడం, బ్రేకు పట్టకపోవడం వంటి నిజమైన యంత్ర, వాతావరణ కారణాలూ ఉంటాయి. అన్నిటినీ మనిషి నెత్తిన రుద్దకూడదు.

నా నోటి సంగతి కూడా ఒప్పుకోవాలి. మొదటి ఏడెనిమిదేళ్లు నేను ఫైనల్‌లో ఆగకుండా మాట్లాడేవాణ్ణి. వేగం చూడు, కుడి రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే పెడల్), అది కాదు, ఎన్నిసార్లు చెప్పాలి అని. ఒక అమ్మాయి దిగాక ఏడుస్తూ అంది, "మీరు అరిచేది వినాలా, రన్‌వే చూడాలా సార్" అని. అప్పటికి కోపం వచ్చింది. రాత్రి ఆలోచిస్తే ఆ విమానంలో అందరికంటే పెద్ద పరధ్యానం నేనే. ఆ తర్వాత మూడొందల అడుగుల కింద నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. చెప్పాల్సి వస్తే రెండే మాటలు: ‘గో-అరౌండ్’ (దిగకుండా మళ్లీ పైకి లేచి చుట్టు తిరిగి రా) లేదా ‘నాకు వదులు’. తిట్లన్నీ కిందకి దిగి టీ తాగాక.

మళ్లీ పైకి లేవడానికి మనసెందుకు ఒప్పదో చెప్తాను, ఇది మన వైపు పిల్లల్లో మరీ ఎక్కువ. కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు కావాలి. గంటకి ఇంత అని మీటర్ తిరుగుతుంది. ఇంటి దగ్గర రెండెకరాల చేనో, రొయ్యల చెరువో అమ్మో తాకట్టు పెట్టో పంపి ఉంటారు. గో-అరౌండ్ అంటే ఇంకో ఆరేడు నిమిషాలు. పిల్లాడి తలలో ఆ ఆరేడు నిమిషాలు రూపాయల్లోకి మారిపోతాయి. పైగా రేడియోలో అందరూ వింటారు, కింద స్నేహితులు చూస్తుంటారు. ఎలాగో దింపేద్దాం అనుకుంటాడు. పెద్దవాళ్లేమీ తక్కువ కాదు. సరిగా కుదరని అప్రోచ్‌లలో, అంటే దిగడానికి రన్‌వే వైపు రావడాల్లో, నూటికి మూడే గో-అరౌండ్‌గా మారుతున్నాయని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ వాళ్లు విమాన సంస్థల మీద చేసిన పరిశీలనలో తేలింది. 2010 మే 22న మంగళూరులో 158 మంది పోయిన ప్రమాదంలో కో-పైలట్ గో-అరౌండ్ అని చెప్పినా కెప్టెన్ దించడానికే చూశాడు.

వేగం ఎక్కువగా వచ్చినా ‘రన్‌వే పొడుగ్గానే ఉందిలే’ అనుకునేవాళ్లకి ఒక లెక్క. వేగం పది శాతం పెరిగితే ఆగడానికి పట్టే దూరం దాదాపు ఇరవై ఒక్క శాతం పెరుగుతుంది. వేగాన్ని వేగంతోనే హెచ్చించాలి కాబట్టి.

ప్రాణం తీసే రకం ఇది. బేస్ (డౌన్‌విండ్ తర్వాత రన్‌వేకి అడ్డంగా వచ్చే వరస) నుంచి ఫైనల్‌కి తిరిగే మలుపు. ఎత్తు ఐదొందల అడుగులో ఇంకా తక్కువో ఉంటుంది. రేడియోలో ఏదో వింటూనో, ఇంకో విమానాన్ని వెతుకుతూనో మలుపు ఆలస్యం చేస్తాం, రన్‌వే గీత దాటిపోతాం. అప్పుడు గట్టిగా వంచి వెనక్కి లాగుదామనిపిస్తుంది. విమానం నేరుగా ఎగిరేటప్పుడు 45 నాట్ల దగ్గర స్టాల్ అవుతుందనుకోండి, అంటే రెక్క మీద గాలి పట్టు తప్పుతుందనుకోండి. ఎత్తు పోకుండా 45 డిగ్రీలు వంచి తిరిగితే అది 53 నాట్లకి, 60 డిగ్రీలైతే 63 దాటి పెరుగుతుంది. మనం వస్తున్న వేగమే అరవై ఐదు. దానికి తోడు ముక్కు తొందరగా తిప్పుదామని రడ్డర్ ఎక్కువ తొక్కితే ఒక రెక్క ముందు పడిపోయి విమానం గిరికీలు కొడుతుంది. ఆ ఎత్తులో దాన్ని సరిచేసే జాగా ఉండదు. నా దగ్గర ఎవరైనా ఫైనల్ మలుపులో ముప్ఫై డిగ్రీలు దాటి వంచితే ఆ రోజుకి ఫ్లయింగ్ బంద్. గీత దాటిపోయావా, పోనీ. నేరుగా పైకి వెళ్లు, చుట్టు తిరిగి రా.

మన డెల్టా సంగతి కొంచెం. కోనసీమలో విమానాశ్రయం లేదు, మనకి దగ్గరిది రాజమండ్రి మధురపూడి. అది మెరక. చిన్న విమానం ఇటు పల్లం వైపు వస్తే పైనుంచి కనిపించేది వేరే లోకం. లేత ఎండలో నీళ్లు నిండిన వరిచేలు, చేపల చెరువులు అద్దం ముక్కల్లా ఉంటాయి. అద్దంలాంటి నీటి మీద కంటికి ఎత్తు అంచనా దొరకదు. నీటి మీదుగా రన్‌వేకి వచ్చేవాడు ఉన్నదానికంటే ఎత్తులో ఉన్నాననుకుని కిందికి జారతాడు. సన్నటి రన్‌వే కూడా ఇదే మోసం చేస్తుంది. ఈ మాటలు మొదలుపెడితే మావైపు అందరూ 2002 మార్చి 3 గుర్తు చేస్తారు. అప్పటి లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు భీమవరం నుంచి వెళ్తున్న హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిన రోజు. హెలికాప్టర్ లెక్కలు వేరు, నేను దాని జోలికి పోను.

ఇక పక్షులు. దమ్ము చేసే ట్రాక్టర్ వెనక కొంగలు ఎలా చేరతాయో మీకు చెప్పక్కర్లేదు. విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపు చెత్త పోయకూడదు, జంతువుల్ని కోయకూడదు అన్న నియమం అందుకే. ఫైనల్‌లో కొంగ ఎదురైతే అందరూ దానివైపే చూస్తారు, వేగం చూడరు. తగిలే కొంగ కంటే చూసే కొంగ ఎక్కువ నష్టం చేస్తుంది.

మీ చెల్లెలికి నేను చెప్పేవి కొన్ని. చెక్‌లిస్టు మధ్యలో ఎవరైనా పలకరిస్తే, ఆగిన చోటినుంచి కాకుండా మళ్లీ మొదటినుంచి చదవాలి. చక్రాలు ముడుచుకునే విమానం ఎక్కే రోజు వచ్చాక, లివర్ దించిన చెయ్యి పచ్చ లైట్లు మూడూ వెలిగేదాకా దాని మీదే ఉంచాలి. టవర్ పిలిస్తే ‘స్టాండ్‌బై’ (కాస్త ఆగండి) అనడం అమర్యాద కాదు, విమానం నడపడం ముందు, మాట తర్వాత. ఫోన్ ఆపి సంచిలో పెట్టాలి, సైలెంట్‌లో జేబులో కాదు. మూడొందల అడుగుల దగ్గర పైకే అనుకోవాలి: వేగం సరి, రన్‌వేకి వరస సరి, ఫ్లాప్స్ సరి. ఒక్కటి తేడా అయినా గో-అరౌండ్. అయితే గో-అరౌండ్ కూడా ఊరికే రాదు. ఫ్లాప్స్ పూర్తిగా దించి, ట్రిమ్ (ముక్కుని ఒక ఎత్తులో నిలిపే సర్దుబాటు చక్రం) వెనక్కి పెట్టి ఉన్న విమానానికి ఒక్కసారి పవర్ ఇస్తే ముక్కు జివ్వున లేస్తుంది, గట్టిగా అదిమి పట్టుకోవాలి. ఫ్లాప్స్ ఒక్కసారే ఎత్తేయకూడదు, విడతలుగా ఎత్తాలి. అందుకని ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగానే వారానికి నాలుగైదు గో-అరౌండ్‌లు అడిగి మరీ చేయమనండి. డబ్బు దండగ కాదు.

అమ్మగారికి కూడా ఒక పని ఉంది. అమ్మాయికి ఫ్లయింగ్ ఉన్న రోజు పొద్దున్న ఫోన్ చేస్తే తిన్నావా, పడుకున్నావా అని మాత్రం అడగమనండి. బ్యాంకు వాళ్లు వచ్చారని, చెరువులో రొయ్య తేలిపోయిందని, బాబాయితో గట్టు తగాదా అయిందని, అవన్నీ రాత్రికి చెప్పొచ్చు. మొదటి సోలో చూడటానికి వెళ్తే పూతరేకులు పట్టుకెళ్లండి, తప్పు లేదు. హ్యాంగర్ దగ్గర నిలబడకుండా లోపల క్యాంటీన్లో కూర్చోండి, దిగాక తనే వస్తుంది.